ఆరో తీగ దగ్గర చిటపట

మా ఆయన చెవి పాడుగాను! కట్టుకున్నవాణ్ణి ఇలా ఊరికే తిట్టుకోవడం లేదు. ఆ చెవి కాస్త మొద్దుదై ఉంటే ఈ పాటికి ఆయన హాల్లో గిటారు వాయిస్తూ ఉండేవాడు, నేను ముందు వరసలో కూర్చుని ఆవలిస్తూ ఉండేదాన్ని.

ఆయన ఒక బైండింగ్ షాపులో పని చేసేవాడు. శని, ఆదివారాల్లో ఒక హోటల్ హాల్లో స్నేహితులతో కలిసి గిటారు వాయించేవాడు. షాపు పొట్టకూటికి, గిటారు ప్రాణానికి. ఒకరోజు కాగితాల దొంతరలు కోసే మిషన్ ఆయన ఎడమచేతి మూడు వేళ్లు తీసేసింది. బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి. గిటారు మీద తీగలు నొక్కాల్సింది ఆ ఎడమచెయ్యే. ఒక్క వేలితో ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, దానితో కలిసి పలకాల్సిన స్వరాలు పలకవు. ఆసుపత్రి నుంచి వచ్చాక గిటారును బీరువా వెనక్కి నెట్టేసి, గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. తినమంటే తినేవాడు, పడుకోమంటే పడుకునేవాడు. నోరు పారేసుకుని పోట్లాడదామన్నా అవతల మనిషుంటేనే కదా.

మా తమ్ముడు గిటారు ఎఫెక్ట్ పెట్టెలు తయారుచేసే కంపెనీలో పని చేస్తాడు. కాలితో నొక్కితే గిటారు గొంతు మారిపోతుంది, ఒక మీటకు గుహలో పలికినట్టు, ఇంకో మీటకు గరగరలాడుతూ. కంపెనీ ఎప్పుడో మానేసిన ఒక పాత మోడల్‌ని వాడు మా ఇంటికి మోసుకొచ్చాడు. దాని గొప్పేమిటంటే, ఆరు తీగల శబ్దాన్నీ కలిపెయ్యకుండా ఆరు దారుల్లో విడివిడిగా కంప్యూటర్‌కు పంపుతుంది. మా ఆయన ఏ తీగను ఎక్కడ నొక్కాడో కంప్యూటర్ కనిపెట్టి, పోయిన వేళ్లు పలికించాల్సిన స్వరాలను తను కలుపుతుంది.

చెప్పడానికి ఇంతే. అది కుదిరేలోపు నాకు తల ప్రాణం తోకకొచ్చింది. బావా బావమరిదీ గది నిండా వైర్లు పరుచుకుని, తిండీతిప్పలూ మాని దాంతో కుస్తీ పట్టారు. "మీరిద్దరే కాపురం చేసుకోండి, నేను పోతాను" అని అరిచాను కూడా. ఆ సాయంత్రమే గదిలోంచి నిండుగా గిటారు వినపడింది. చేతిలో చీపురుతో గుమ్మంలో అలాగే నిలబడిపోయాను.

"ఏంటే అలా గుడ్లప్పగించి చూస్తావు? ఊడ్చుకో" అన్నాడు మా ఆయన.

ఆయన నన్ను విసుక్కుని ఎన్నాళ్లయిందో! నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. పాత బృందం వాళ్లు విని, మళ్లీ హాల్‌కి రమ్మన్నారు. వెళ్లాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో రోజుకో పోట్లాట, రోజుకో పాట.

తర్వాత ఒక పొద్దున కంప్యూటర్ తనంతట తనే కొత్త సిస్టమ్ ఎక్కించుకుంది. మమ్మల్ని అడగనైనా లేదు. పెట్టె మీద దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. కంప్యూటర్ మాత్రం ఆ పెట్టెను ఎన్నడూ ఎరగనట్టు, దీనికి తగిన డ్రైవర్ లేదని ఒక ముక్క చూపించి ఊరుకుంది. మా ఆయన వైరు పీకి పెట్టాడు, పెట్టి పీకాడు. చివరికి తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు ఆఫీసు మానేసి వచ్చాడు.

"డ్రైవరంటే ఈ రెండిటి మధ్యా దుబాసీ లాంటిదక్కా. పాత దుబాసీని కొత్త సిస్టమ్ గడప తొక్కనివ్వడం లేదు" అన్నాడు.

"అయితే పాత సిస్టమే మళ్లీ పెట్టరా. దానికేం రోగం?"

"పెట్టి చూశాను. స్వరాలు కలిపే ప్రోగ్రామ్ ఇప్పుడు దాంట్లో తెరుచుకోవడం లేదు. పాత సిస్టమ్‌లో నడవకుండా దాన్ని తయారుచేసినవాళ్లే ఆపేశారు."

"పోనీ పెట్టే మారుద్దాం."

"కొత్త పెట్టెలన్నీ ఆరు తీగల్నీ కలిపి ఒకే ముద్ద చేసి పంపుతాయక్కా. బావకు పనికొచ్చేది ఇదొక్కటే." మా ఆయన మొహం చూసి వాడు వెంటనే సర్దుకున్నాడు. "నువ్వు దిగులుపడకు బావా. పాత మోడళ్లకు కూడా మావాళ్లు కొత్త డ్రైవర్లు రాస్తున్నారు. పరీక్షించడానికి నా బల్ల మీదకే వస్తాయి. వచ్చిందంటే నీకే ముందు చెప్తా."

ఆ మాట పట్టుకుని మేం రోజులు వెళ్లబుచ్చాం. బృందం వాళ్లు మంచివాళ్లు. తాత్కాలికంగా ఇంకొకాయన్ని పెట్టుకుని, మా ఆయన చోటు మా ఆయనకే ఉంచారు. ఈయన రోజూ తమ్ముడికి ఫోన్ చేసి, ఆ కబురూ ఈ కబురూ చెప్పి, చివర్లో మెల్లగా "ఇంకేంట్రా విశేషాలు?" అనేవాడు. డ్రైవర్ సంగతి నేరుగా అడగడానికి భయం ఆయనకు.

చివరికి ఒకరోజు తమ్ముడే ఫోన్ చేశాడు. డ్రైవర్ వచ్చింది, బావే వచ్చి వాయించి చూడాలన్నాడు. మిషన్‌తో శబ్దాలు పంపి వాళ్లు చేసే పరీక్షలు సగమేనట, మనిషి వాయిస్తేగాని అసలు సంగతి తేలదట. ఇంటికే తెచ్చివ్వకూడదా అన్నాను. కంపెనీ ఆమోదముద్ర పడేదాకా అది వాళ్ల ల్యాబ్ కంప్యూటర్లలో తప్ప పని చెయ్యదన్నాడు.

నేను కూడా వెళ్లాను. గోడలకు స్పాంజి అంటించిన గది. తలుపు వేస్తే చెవుల్లో దూది పెట్టినట్టయింది. అరల నిండా పాత పెట్టెలు, ఒక్కోదానికీ పేరు రాసిన చీటీ. కొక్కేలకు రంగుల వారీగా వేలాడుతున్న వైర్లు. తమ్ముడి మేనేజరమ్మ మాకు కుర్చీలు వేయించి, మంచినీళ్లిచ్చి, తనూ ఓ పక్కన కూర్చుంది.

మా ఆయన వాయించాడు. ఇన్నాళ్ల ఆకలంతా తీర్చుకున్నట్టు వాయించాడు. ఆ ఒక్క వేలు తీగల మీద పరుగులు పెడుతుంటే, లేని వేళ్లు కూడా పలికాయి. నేను సిగ్గు లేకుండా కళ్లు తుడుచుకున్నాను. మేనేజరమ్మ కాలితో తాళం వేస్తోంది. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా ఆయన ఠక్కున ఆపేశాడు.

"ఆరో తీగ దగ్గర ఏదో చిటపటమందిరా."

తమ్ముడు తెర వంక చూశాడు. "ఏం లేదే బావా."

మళ్లీ వాయించాడు. కాసేపటికి, "అదిగో!" అన్నాడు. మేనేజరమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, తల అడ్డంగా ఊపింది. నాకా, బట్టల ఫ్యాక్టరీలో మిషన్ల రొదలో కాలర్లు కుట్టీ కుట్టీ చెవులెప్పుడో అరిగిపోయాయి. తమ్ముడు రికార్డు చేసిందాన్ని బాగా నెమ్మది చేసి, తెర మీద పెద్దది చేసి వెతికాడు. ఆరో దారిలో శబ్దం తెగిన వెంట్రుకవాసి ఖాళీ ఒకటి దొరికింది.

"మీ చెవికి దండం పెట్టాలండీ" అంది మేనేజరమ్మ.

మా ఆయన మొహం వెలిగిపోయింది. వేళ్లు పోయాక ఆయన్ని అందరూ అయ్యో పాపం అన్నవాళ్లేగాని, మెచ్చుకున్నవాళ్లు లేరు. నేను కూడా మా ఆయనంటే ఏమనుకున్నారు అన్నట్టు అందరి వంకా చూశాను.

తమ్ముడు కాస్త తటపటాయించాడు. "బావా, ఇది నూటికి ఒక్కడికి కూడా వినపడదు. వదిలేద్దామా?"

"వదిలెయ్యడమేంట్రా? లోపం ఉందని రాయి. తెలిస్తేనే కదా బాగుచేసేది. రేపు హాల్లో పెద్ద స్పీకర్లలో ఇలా చిటపటలాడితే నా పరువేం కాను?"

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. వాళ్ల పనే అది. పరీక్షించేవాళ్లు లోపం రాస్తారు, డ్రైవర్ రాసేవాళ్లు సరిచేసి మళ్లీ పంపుతారు. ఎప్పుడూ అలాగే జరిగేదట. తమ్ముడు రాశాడు. ఇంటికొస్తూ బస్సులో మా ఆయన కూనిరాగాలు తీశాడు.

ఆ తర్వాత తమ్ముడు ఫోన్ ఎత్తడం తగ్గించాడు. ఒక సాయంత్రం తనే వచ్చాడు. వంటింట్లో నా పక్కన నిలబడి, గ్లాసుడు నీళ్లు తాగి, ఇంకో గ్లాసు కూడా తాగి, అప్పుడు నోరు విప్పాడు.

"డ్రైవర్లు విడుదల చేసే గడువు ముంచుకొచ్చిందక్కా. ఏ లోపం లేని మోడళ్లకే ముద్ర వేశారు. లోపం రాసి ఉన్నవాటిని వదిలెయ్యమన్నారు."

"వదిలెయ్యడమేంటి? బాగుచేస్తారన్నావు కదరా!"

"మన పెట్టె వాడేవాళ్లు బాగా తక్కువట. దానికోసం మనిషిని కేటాయించలేమన్నారు. ఇక ఆ మోడల్‌కి డ్రైవర్ రాదు."

ఒంటికాలి మీద లేచాను. "ఆ చిటపటతోనే ఇమ్మను! మేమేమైనా వద్దన్నామా? మాకది చాలు!"

"అడిగానక్కా. కాళ్లావేళ్లా పడ్డాను. మేనేజరమ్మ కూడా అడిగింది. పైవాళ్లు వినలేదు."

"అసలు నువ్వెందుకు రాశావురా వెధవా?"

వాడు నా వెనక్కి చూశాడు. మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో తెలీదు.

"నేను చెప్పకపోయి ఉంటే ముద్ర పడేదా?" అని అడిగాడు.

"అప్పుడైనా ఏదో వంక పెట్టేవాళ్లే బావా" అన్నాడు తమ్ముడు నేలకేసి చూస్తూ. అబద్ధం చెప్పడం చిన్నప్పటినుంచీ చేతకాదు వాడికి.

మా ఆయన వాణ్ణి ఒక్క మాట అనలేదు. భుజం తట్టి, పొద్దుపోయింది ఇంటికెళ్లరా అని పంపించాడు. తర్వాత ఫోన్ తీసుకుని, బృందంలో డ్రమ్స్ వాయించే ఆయనకు చేశాడు. "నా చోటు ఇంక ఉంచకండి. ఇప్పుడున్నాయనే బాగా వాయిస్తున్నాడు, ఆయన్నే ఉంచేసుకోండి" అన్నాడు. అవతలాయన ఏమిటేమిటో అంటుంటే, సరే సరే అంటూ ఫోన్ పెట్టేశాడు.

నేను అన్నం వడ్డించాను. ఆయన కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండానే అడిగాడు.

"ఆ రోజు నీకు వినపడిందా, చిటపట?"

"వినపడకేం? శుభ్రంగా వినపడింది" అన్నాను. "మీరు చెప్పకపోతే నేనే చెప్పేదాన్ని. ఆరో తీగ దగ్గరే కదా? అంత మోతకు ఎవరికైనా వినపడుతుంది. ఆ మేనేజరమ్మకు కూడా వినపడే ఉంటుంది, పైకి అనలేదంతే."

ఆయన నా మొహంలోకి చూశాడు. "ఆరో తీగ పైనుంటుందా, కిందుంటుందా?"

ఇన్నేళ్లు ఆ గిటారు దుమ్ము దులిపినదాన్ని, ఏ తీగ ఎక్కడుందో ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. "కింద" అన్నాను.

"పైనుంటుందే, పిచ్చిదానా" అని నవ్వాడు. గట్టిగానే నవ్వాడు. నేనూ నవ్వబోయాను. అంతలో చూస్తే ఆయన భుజాలు కుదిలిపోతున్నాయి, గొంతులోంచి వస్తున్నది నవ్వు కాదు. వేళ్లు పోయిన రోజు ఆసుపత్రిలో కూడా ఆయన ఏడవగా నేను చూడలేదు. ఏం చెయ్యాలో తోచక, మిగిలిన ఆ రెండు వేళ్లనూ నా చేతుల్లోకి తీసుకుని కూర్చున్నాను.