ఉప్పు రాకుమారి లేవనంది

"మాటల్లేని యాషమా? అయితే మా కోడలికి పనికిరాదు తల్లీ. అది రెండు నిమిషాలు నోరు మూసుకోలేదు" అంది మా అత్త పిచ్చమ్మ.

నేనప్పుడు కానాగంత చేపలకి మొప్పలు తీస్తున్నాను. అంగన్‌వాడీ టీచర్ వాణి గడప అవతల నిలబడి అడుగుతున్నది నన్ను. జవాబు చెబుతున్నది మా అత్త. ఈ ఇంట్లో నన్నడిగిన ప్రశ్నకి నేను జవాబు చెప్పిన గుర్తు లేదు. దారిన పోయేవాళ్ళెవరన్నా "ఏం సుభాషిణీ, ఒంట్లో ఎట్టుంది" అన్నా, "దానికేం, గుండ్రాయి మాదిరుంది" అని మా ఆయన శివశంకరే చెప్పేస్తాడు.

సంగతేమిటంటే, అంగన్‌వాడీ వార్షికోత్సవానికి వాణి ఒక పిల్లల కథని నాటకం కట్టింది. ఒక రాకుమారి ఉంటుంది. పెళ్ళి చేసుకోనన్నదని ఆమెని ఒక మాంత్రికుడు ఉప్పు బొమ్మని చేసేస్తాడు. పాపం, కోట నడిమధ్య కదలకుండా కూర్చుని ఉంటుంది. చుట్టూ ఏళ్ళు గడుస్తాయి, యుద్ధాలు జరుగుతాయి, కోతులొచ్చి గంతులేస్తాయి. ఆఖర్న ఒక రాకుమారుడు అడవులూ కొండలూ దాటి మంచినీళ్ళు తెచ్చి ఆమె మీద చల్లుతాడు. ఆమె లేస్తుంది. పెళ్ళి, పూలు, చప్పట్లు.

"నీళ్ళు చల్లితే ఉప్పు కరగాల గదమ్మా, లేస్తదా?" అంది మా అత్త.

"కథ గదా పెద్దమ్మా" అని నవ్వింది వాణి.

కోతులకీ సైనికులకీ పిల్లలు దొరికారు. ఉప్పు రాకుమారికే దొరకలేదు. ఎవర్ని కూర్చోబెట్టినా నిమిషంలో లేచి పారిపోతున్నారట. పెద్దవాళ్ళనే పెట్టాలి. మా ఊరి పెద్ద, కాపు చిన్నపోలయ్య మనవరాలు అందులో కోతి. వీధికొక మనిషి పోయి టీచర్‌కి సాయం చేయాలని ఆయన చెప్పాడు. మా పట్టపు జాలరోళ్ళలో కాపు మాట దాటేవాళ్ళు లేరు. మా వీధిలో పక్కింటి దుర్గ ముందే మీసం పెట్టుకుని రాకుమారుడైపోయింది. మాటల్లేని వేషం ఎవరికీ వద్దు. అట్లా అది నా నెత్తిన పడింది.

రోజూ సాయంత్రం తుపాను షెల్టర్ పై అంతస్తులో సాధన. గాలివాన వస్తే ఊరంతా అక్కడికే పోతాం. అప్పుడు కూడా మగాళ్ళు గోడలకి ఆనుకుని సెల్‌ఫోన్లు చూసుకుంటారు. మేం మూడు రాళ్ళు పెట్టి గంజి కాస్తాం. తుపానొచ్చినా మా పొయ్యి ఆరదు.

మొదటి రోజు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తెల్ల దుప్పటి కప్పి, "అంతే అక్కా, కదలకుండా ఉండు" అంది వాణి. చేతులు ఊరుకుంటేనా! ఒళ్ళో ఖాళీగా పడున్న చేతుల్ని చూస్తే నాకే భయమేసింది, ఎవరివో తెచ్చి అతికించినట్టున్నాయి. వేళ్ళు వాటంతటవే వల కన్నాలు వెతుక్కుంటున్నాయి. గ్యాసు కట్టేశానా? ఎండేసిన నెత్తళ్ళ చేపల మీద వల కప్పానా? అత్తకి మాత్ర ఇచ్చానా? బుర్ర ఇల్లంతా తిరిగి, బోరింగు దాకా పోయి, మళ్ళీ వచ్చి నా పక్కన కూర్చుంది. ఇంకెక్కడికీ పోవాల్సిన పని లేదని దానికి అర్థం కావడానికి రెండు మూడు సాయంత్రాలు పట్టింది.

ఆ తర్వాత చూడండి! పుట్టిందగ్గర్నించీ సముద్రం పక్కనే ఉన్నాను, దాని చప్పుడు విన్నది ఆ బల్ల మీదే. అంతకు ముందు నా చెవికి సముద్రమంటే పడవ వచ్చిందా, రాలేదా, అంతే. నా వీపు ఉందని కూడా అక్కడే తెలిసింది, నొప్పి పుట్టడం వల్ల కాదు, నొప్పి తగ్గడం వల్ల. పిల్లలు నా చుట్టూ కోతులై గంతులేస్తూ, కత్తులు పట్టుకుని కొట్టుకుంటూ ఉంటే నేను దుప్పట్లో కూర్చుని నా బతుకంతా తీరిగ్గా చూసుకున్నాను. చేపల గంప మోసుకుని నెల్లూరు వీధుల్లో తిరిగితే గేటు తీయకుండానే బేరమాడే అమ్మగార్లు గుర్తొచ్చారు. "ముగ్గు తొక్కబాక, నీచు నీళ్ళు వాకిట్లో పడనియ్యబాక" అంటూనే పెద్ద చేప ఏరుకుంటారు. పొద్దున్నే రేవులో వేలంపాట దగ్గర "ఆడోళ్ళు వెనక్కి నిలబడండి" అనే దళారి గుర్తొచ్చాడు. ఆ చేపలు ఊరి బయటికి పోయేది ఆడోళ్ళ నెత్తి మీదనే అని ఆయనకి తెలీదా, తెలుసు. మా మామ బతికున్న రోజుల్లో అన్న మాట గుర్తొచ్చింది. "మావాడు సముద్రంలో ప్రాణం పణంగా పెడతన్నాడు. నువ్వు చేసేదేముంది, ఇంట్లోనే గదా ఉండేది." అప్పుడు గిన్నెలు తోముతున్నాను కాబట్టి సరిగ్గా కోపం తెచ్చుకోవడానికి తీరలేదు. ఉప్పై కూర్చున్నాక తీరిగ్గా తెచ్చుకున్నాను. భలే బాగుంది.

ఆ రాకుమారి గురించి కూడా ఆలోచించాను. కదలకుండా కూర్చోబెట్టడం శిక్ష అనుకున్నాడు ఆ మాంత్రికుడు. వాడు ఏనాడూ బిందె ఎత్తి ఉండడు. ఆ శాపం రాసినవాడు ఖాయంగా మగాడే. ఆడది రాసుంటే దానికి వరమని పేరు పెట్టేది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన పడవ మనుషులతో కూర్చుని వల బాగుచేసుకుంటూ, "రాణిగారొచ్చినారయ్యా! కూసోడానికి కూడా టీచర్ని పెట్టి నేర్పిస్తన్నారు" అనేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. మా అత్త మాత్రం నవ్వేది కాదు. "ఎట్టుంటదే అట్టా కూసుంటే?" అని ఒకసారి అడిగింది. చెప్పబోయే లోపలే, "పో, పప్పు మాడిపోతాంది" అని గదమాయించింది.

ఉత్సవం రోజున తండ్రులంతా రావాలని కాపు దురాయి వేయించాడు. దురాయి అంటే ఊరి కట్టడి. ముందు రోజు డప్పు కొట్టి చాటారు. ఊళ్ళో ఎవరూ పనికి పోరాదు, పోయినోళ్ళకి తప్పు వేసి డబ్బు కట్టిస్తామని. పడవలన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. వలలకి సెలవు, ఇంజన్లకి సెలవు. మగాళ్ళు పొద్దున్నించీ ఇళ్ళల్లోనే, అంటే మాకు పని రెండింతలు. మా ఆయనకి టీ పెట్టీ పెట్టీ పాలు అయిపోయాయి. వంట చేసి, ఇల్లు కడిగి, అత్తకి కొత్త చీర మడతలు విప్పి ఇచ్చి, పరుగున వేషం కట్టుకోవడానికి పోతుంటే ఆయన గుమ్మంలో అన్నాడు.

"ఈరోజుతో అయిపోద్ది గదా ఆ కూసునే యవ్వారం. రేపట్నించి సాయంత్రం పూట నెత్తళ్ళెత్తకుండా యాడికీ పోబాక."

నడుస్తూనే ఆ మాట మింగాను. నాకున్నది ఆ ఒక్క గంట. నాటకం ముగిస్తే అది కూడా ముగిసినట్టే. నీళ్ళు చల్లుతారు, నేను లేస్తాను, అంతే.

షెల్టర్ ముందు ఇసకలో షామియానా వేశారు. ముందు వరసలో కాపు, పెద్దమనుషులు. వెనక మగాళ్ళు, పక్కన ఆడవాళ్ళు. నా మొహానికి బియ్యప్పిండి పూసి, తలకి దూది అతికించారు. పిల్లలు గొప్పగా చేశారు. కాపు మనవరాలు గంతులేస్తూ నా ఒళ్ళోకొచ్చి కూర్చుని అరటిపండు తిన్నది. అందరూ నవ్వినా నేను చలించలేదు. ఆఖర్న దుర్గ వచ్చింది. మీసం ఊడిపోతుంటే ఎడం చేత్తో నొక్కిపట్టుకుని, కుడి చేత్తో చెంబెడు నీళ్ళు నా మీద చల్లింది.

"లే, రాకుమారీ! నీ శాపం తీరిపోయింది!"

నేను లేవలేదు.

దుర్గ మళ్ళీ చల్లింది. దగ్గరికి వంగి గుసగుసగా, "లెయ్యిమే సుభా, మీసం పోతాంది" అంది.

"లేస్తే ఏం చెయ్యాల?" అన్నాను. మైకు నా కాళ్ళ దగ్గరే ఉందన్న ధ్యాస లేదు. ఊరంతా వినపడింది.

దుర్గ బిత్తరపోయింది. కానీ గడుసుది. "పెళ్ళి చేసుకోవాల" అంది గట్టిగా.

"చేసుకున్నాక?"

"రాజ్యంలో సుకంగా ఉండాల."

"ఆ రాజ్యంలో నీళ్ళెవరు మోస్తారు?"

దుర్గ మీసం మీద చెయ్యి తీసేసింది. రోజూ నాతోపాటు బిందెలు మోసేదే కదా, అబద్ధం నోటికి రాలేదు. "నువ్వే" అంది.

ఆడవాళ్ళ వైపు నవ్వు మొదలైంది.

"అయితే ఇంకొంచెం సేపు ఉప్పుగానే ఉంటాలే" అన్నాను.

పిల్లలు "లెయ్యి రాకుమారీ, లెయ్యి" అని అరుస్తున్నారు. ఒక చంటిది మాత్రం "వద్దు, ఉండనీ" అంది. అప్పుడు మా ఆయన లేచి నిలబడ్డాడు.

"ఏమే! ఆటలు చాలు, దిగు. పొద్దుగూకతాంది. నెత్తళ్ళెవరెత్తుతారు, అన్నమెవరు వండుతారు?"

నాటకంలో లేని మాట అది. ఎవరూ నవ్వలేదు. కాపు చిన్నపోలయ్య గొంతు సవరించుకుని, "అమ్మాయ్, పెద్దోళ్ళం కూసోనుండాం. లేసి కత ముగించు" అన్నాడు.

కాపుకి ఎదురు చెప్పడం మా ఇంటావంటా లేదు. కానీ బియ్యప్పిండి కింద మొహం ఎర్రబడినా ఎవరికి కనపడుతుంది!

"పెద్దయ్యా, ఇయ్యాల దురాయి గదా?"

"అవును."

"దురాయినాడు పనిలోకి దిగినోళ్ళని ఏం చేస్తారు?"

"తప్పు ఏస్తాం. నీకు తెలీదా ఏంది?"

"నేను ఈ బల్ల దిగితే పనిలోకి దిగినట్టే. మీరే ఇన్నారు గదా, ఆయన ఏం పనులు చెప్పినాడో. చెప్పండి, దిగేదా?"

"దురాయి పడవలకమ్మా, పొయ్యికి కాదు" అన్నాడు వెనక నుంచి ఎవరో.

"ఆ సంగతి డప్పులో చెప్పలేదే! ఊళ్ళో ఎవరూ పనికి పోరాదన్నారు. నేను ఈ ఊళ్ళోదాన్ని కాదా?"

చిన్నపోలయ్య తల గోక్కున్నాడు, తన మనవరాలిని చూశాడు, ఆడవాళ్ళ వరసని చూశాడు. అంతమంది ఆడవాళ్ళు ఆయన మొహంలోకి ఒకేసారి చూడటం అదే మొదలేమో. వేసిన దురాయి తనే తప్పిస్తే రేపు ఎవడు లెక్కచేస్తాడు?

"రేపు పొద్దున పడవలు దిగిందాకా దురాయి దురాయే" అన్నాడు ఆఖరికి. "అంతవరకు అమ్మాయిని లేపినోడికి తప్పు ఏస్తా. రేయ్ శివశంకరా, కూసో."

ఆడవాళ్ళు వేసిన ఈలకి షామియానా ఎగిరిపోవాల్సింది. ఆ గోలలోనే మా అత్త లేచింది. కొత్త చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నేరుగా నా మీదికే వస్తోంది. అయిపోయింది, జుట్టు పట్టుకుని లాక్కుపోతుంది అనుకున్నాను. దుర్గ కూడా పక్కకి తప్పుకుంది. మా అత్త బల్ల దగ్గర ఆగి, రొప్పుతూ, నా భుజం మీద చెయ్యేసింది.

"కొంచెం జరుగుమే. నేనూ ఈ ఊళ్ళోదాన్నే."

కూర్చుంది. కాళ్ళు చాపింది. మోకాళ్ళు టకటకమన్నాయి. నా దుప్పటి సగం లాక్కుని కప్పుకుని, అక్కణ్ణించే కొడుక్కి కేకేసింది. "ఒరే అబ్బయా, మంచు పడకముందే నెత్తళ్ళెత్తుకో. అన్నం చేసుకుంటావో, ఊరికే పడుకుంటావో నీ ఇష్టం. దురాయిలో నేను పని చెప్పకూడదు."

ఉత్సవం అయిపోయి చాలా కాలమైంది. అయినా ప్రతి సాయంత్రం మేం షెల్టర్‌లో సాధనకి పోతాం. ఇంకేం సాధన అని మా ఆయన అడిగాడు. వచ్చే ఏటికి అని చెప్పాను. ఈసారి ఆ జవాబు నేనే చెప్పాను. నెత్తళ్ళు ఎవరెత్తుతారో వాళ్ళు చూసుకుంటున్నారు, మొదట్లో సగం కాకులు తిన్నాయి, ఇప్పుడు తినడం లేదు. వేషం ఒక్కటే, ఆడవాళ్ళం ఇంతమందిమి, కాబట్టి వంతులేసుకున్నాం. మా అత్త వంతు వచ్చిన రోజు ఆమె గురక కింద రోడ్డు దాకా వినిపిస్తుంది.

రాకుమారుడి వేషానికి మాత్రం ఇంతవరకూ ఎవరూ ముందుకు రాలేదు.