రెండోసారి రాసిన పేరు

పొద్దున తొమ్మిదింటి బస్సు దిగి, గది తాళం తీసి, నల్లసిరా బుడ్డి ఒక పక్క, ఎర్రసిరా బుడ్డి ఒక పక్క పెట్టుకునేది మునిలక్ష్మి. వడమాలపేట దాటినాక రోడ్డు పక్కన ఒంటి గది, అదే రేషను కార్డుల ఆఫీసు. జనం ఇచ్చిన ఫారాలు చూసి పేర్లు రిజిస్టరులోకి ఎక్కించడం ఆమె పని.

ఒకే పేరు రెండుసార్లు పడితే ఆ మనిషి ఇద్దరయ్యేవాడు. చక్కెర ఎక్కువొస్తుందని ఓబయ్య రెండు ఫారాలు ఇచ్చినప్పుడు, ఇద్దరు ఓబయ్యలు ఆఫీసు బెంచీ మీద కూర్చోని ఒకే బీడీ కోసం కొట్లాడుకున్నారు.

"వెనక పడిన నెంబరు కొట్టేయమ్మా," అన్నాడు పెద్ద గుమస్తా మునిరామయ్య, తలెత్తకుండానే.

ఎర్రగీత పడింది. బెంచీ మీద బీడీతో ఒక్కడే మిగిలినాడు. మరునాడు పొద్దు మునిగే లోపల ఒకటి కొట్టకపోతే ఇద్దరూ ఉండరు. గంగులమ్మ విషయంలో అట్లే మరిచిపోయినారు. ఆమె ఇంటికి ఇప్పటికీ తాళమే.

మునిలక్ష్మి వచ్చే బస్సుకు ధనంజయ కండక్టరు. రెండేళ్ళుగా టికెట్టు చింపి ఇస్తాడే గాని ఒక్కసారీ ఆమె ముఖం చూడలేదు. అతని ఫారం వచ్చిన రోజు పేరు ఎక్కించినాక కూడా దాన్ని కట్టలో కలపబుద్ధి కాలేదు. రిజిస్టరు కింద దాచుకోని, ఆ గుండ్రటి అక్షరాలు చూసి చూసి, సాయంత్రం ఏమరుపాటున మళ్ళీ ఎక్కించేసింది.

మరునాడు బస్సులో ఇద్దరు కండక్టర్లు. ముందు తలుపు దగ్గరున్నవాడు తలొంచుకోని టికెట్లు చింపుతున్నాడు. వెనక తలుపు దగ్గరున్నవాడు నవ్వినాడు.

"నీకోసరమే వచ్చినా మునిలక్ష్మీ."

బస్సు నేల మీద పోతున్నట్టే అనిపించలేదు ఆమెకు.

"డబుల్ పడిందంట గదా, వెనకది కొట్టేయ్," అన్నాడు ఆఫీసులో మునిరామయ్య.

"సరే సార్," అనింది. కొట్టింది ముందుది.

నాలుగో రోజు ధనంజయ తల్లి వరదమ్మ వచ్చి బెంచీ అంచున కూర్చునింది.

"నా కొడుకు అన్నం ముట్టలేదమ్మా. ఇంట్లోకే రాడు. 'ఎవరమ్మా నువ్వు' అంటాడు నన్ను. నీ పేరు తప్ప వాని నోట ఇంకో మాట లేదు."

మునిలక్ష్మి తల దించుకునింది. అతన్ని రెండోసారి రాసేటప్పుడు ఆమె మనసులో వరదమ్మ లేదు, ఆ ఇల్లూ లేదు.

"పాతోన్ని మళ్ళీ రాయి."

"కొట్టేసిన పేరు మళ్ళీ పట్టదు అత్తా. రాసి చూసినా. సిరా నిలవదు."

"అత్తంట! అప్పుడే వరస కలిపేసినావే." వరదమ్మ రిజిస్టరు వైపు చూసింది. "అయితే నన్ను రాయి. వాన్ని తలుచుకోని రాయి. వానికొక తల్లి ఉండల్ల గదా," అనింది.

"మీరు ఇద్దరయితే..."

"రూలు నాకూ తెలుసులేవే. రాయి."

మునిలక్ష్మి నల్లసిరాలో కలం ముంచి రాసింది. వాకిట్లోకి అదే నేతచీరతో ఇంకో వరదమ్మ వచ్చింది. "మా ధనంజయ యాడమ్మా? తిన్నాడో లేదో," అని గాభరాగా అడిగింది.

పాత వరదమ్మ ఆమెను కిందికీ మీదికీ చూసి, జరిగి చోటిచ్చింది.

"వానికి సంగటి జారుగా ఉండల్ల. గట్టిగా ఉంటే గొంతు దిగదు. జ్వరమొస్తే మాట్లాడడు, అలిగినాడనుకునేవు."

కొత్తామె ఒక్కొక్క మాటకూ తలూపింది.

అప్పుడు వరదమ్మ ఎర్రసిరా బుడ్డి మూత తనే తీసి మునిలక్ష్మి ముందుకు జరిపింది.

"ముందుదే కొట్టమ్మా. నీకు అలవాటే గదా."