ఒక మనిషి తక్కువైన మూల

అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఆ ఊళ్ళో, పార్టీ తరఫున దేశాధ్యక్ష పదవికి ఎవరు నిలబడాలో తేల్చే సాయంత్రం ఓటు రహస్యమేమీ కాదు. ఇరుగుపొరుగంతా బడి వ్యాయామశాలలో చేరి, ఎవరికి నచ్చిన అభ్యర్థి మూలలో వాళ్ళు నిలబడాలి. పాదిరిగారూ చూస్తారు, పళ్ళ డాక్టరూ చూస్తాడు. ఇక మొహమాటానికి కరువేముంది!

వెర్నా, పార్టీ పెద్దలు మెచ్చిన సెనేటరు మూలలో నిలబడింది. నిలబెట్టినవాడు ఆమె అన్న లోరెన్, ఆ ప్రాంతం నుంచి కాంగ్రెసు సభలో ఏళ్ళ తరబడి పాతుకుపోయిన మనిషి. “నవంబరు ఎన్నికల ఓటు చీటీలో పైన బ్రాంట్ పేరుంటే కింద నా పేరూ మునుగుతుంది” అని తన బండిలో దారంతా నూరిపోశాడు. సెనేటరుకు పోటీగా దిగిన హాలిస్ బ్రాంట్ ఏ పదవీ ఎరగని పశువుల డాక్టరు. చిన్న ఊళ్ళలో ఎత్తేసిన కాన్పు వార్డులు తెరిపిస్తానంటున్నాడు.

ఎదురుగా బ్రాంట్ మూలలో వెర్నా కూతురు టెస్సా ఉంది. నిరుడు మంచులో ఆమెకు నొప్పులొచ్చాయి. ఊళ్ళో వార్డు అప్పటికే మూతపడింది. దూరపు ఆసుపత్రికి చేరకముందే బండిలోనే కన్నది. పసిగుడ్డు దక్కలేదు. బండి నడిపింది వెర్నాయే. ఆనాటి నుంచి తల్లి నడిపే బండి టెస్సా ఎక్కలేదు.

తలలు లెక్కపెడుతున్న సంగీతం మాస్టారు డ్వైట్ గొంతు సవరించుకున్నాడు.

“బ్రాంట్ మూలలో ఉండాల్సిన కనీస లెక్కకు ఒక్కరు తక్కువ. ఎవరూ చేరకపోతే ఆ మూల ఎత్తేయాల్సిందే. మారేవాళ్ళు ఇప్పుడే మారండి.”

టెస్సా పిలవలేదు, కనీసం ఇటు చూడలేదు. ఆ చూడకపోవడమే తల్లి ప్రాణం తోడేసింది.

“కదలకు,” అన్నాడు లోరెన్ చెవి దగ్గర. “వాడు గెలిచాడే అనుకో. కాంగ్రెసులో వాడి మాట వినే నాథుడెవడు? మాలాంటివాళ్ళం ఓడిపోయాక వార్డు ఎవడు తెరిపిస్తాడే?”

ఆ మాటలో నిజం లేకపోలేదు. అదే ఆమెను నమిలేస్తోంది. అన్న ఓడిపోవచ్చు, వార్డు తెరుచుకోకనూ పోవచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“నువ్వుండగానే కదన్నయ్యా అది మూతపడింది?”

“నేనొక్కణ్ణి ఏం చేస్తాను?”

“ఆయనొక్కడు ఏం చేస్తాడనేగా ఇందాకట్నుంచీ అడుగుతున్నావు.”

లోరెన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు గడ్డకట్టిన వాగు దాటించింది ఆ చెయ్యే. వెర్నాకు ఏడుపొచ్చింది. అయినా విడిపించుకుంది.

ఊరంతా చూస్తుండగా ఆట గీతలు దాటి అవతలి మూలకు నడిచింది. టెస్సా కాస్త జరిగి చోటిచ్చింది. డ్వైట్ మళ్ళీ లెక్కపెట్టి “సరిపోయింది” అన్నాడు. చప్పట్లు మోగాయి. వెర్నా కొట్టలేదు. లోరెన్ కోటు బొత్తాలు పెట్టుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

“మామయ్య బండిలోగా వచ్చావు,” అంది టెస్సా. “ఇంటికెలా వెళ్తావు?”

“నడిచి పోతాలే.”

టెస్సా జేబులోంచి తాళాలు తీసి తల్లి చేతిలో పెట్టింది.

“నువ్వే నడుపమ్మా.”