బల్లకి ఇద్దరు

కాశీబుగ్గలో గోవిందరావు వర్క్‌షాపు జీడి ఫ్యాక్టరీలకు కటింగ్ మెషీన్లు చేసేది. వాటి డ్రాయింగులు గీసేది యోబు. 2004లో గోవిందరావు ఒక కంప్యూటరు కొని, యోబుని విశాఖపట్నం పంపి, మెషీను బొమ్మని తెర మీద కట్టడం నేర్పించాడు. తిరిగొచ్చిన దగ్గర్నుంచి యోబుకి అన్నం వేళ కూడా గుర్తుండడం లేదు.

అంతగా పట్టేసింది, ఆ బొమ్మకి ముడిపెట్టిన ఒక ఎక్సెల్ షీటు. పై వరుసలో కొలతల పేర్లుంటాయి: బల్ల ఎత్తు, పెడల్ ఎత్తు, కడ్డీ పొడవు. కింద ఒక్కో అడ్డువరుసా ఒక్కో మెషీను. గడిలో అంకె మారిస్తే చాలు, తెర మీది బల్ల తనంతట తనే పొట్టిదవుతుంది, దాని కింది కడ్డీ కూడా అందుకు తగ్గట్టు కురచవుతుంది. కొత్తగా గీసేదేమీ ఉండదు. గీసింది తనే అయినా, యోబుకి అది ఊపిరి పీల్చినట్టే కనిపించేది.

ఆ వరుసల్లో మెషీను నంబరుకి బదులు మనిషి పేరు రాస్తే ఏమవుతుందో చూడాలనిపించింది అతనికి. అందుకు జ్ఞానసుందరి కారణం.

ఆమె విజయకుమారి గారి ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కోస్తుంది. పెడల్ తొక్కితే కడ్డీ కదిలి, బల్ల మీది రెండు కత్తులూ దగ్గరికొచ్చి పెంకుని చీలుస్తాయి. జ్ఞానసుందరి పొట్టి మనిషి, పెడల్ మీద కాలివేళ్లే ఆనుతాయి. తొక్కు సరిగా పడక పప్పు బద్దలవుతోంది. ఇలాగే ఉంటే పది రోజుల్లో పప్పు మీది తొక్క తీసే గదికి మారుస్తామన్నారు. కటింగు పనినే నమ్ముకున్న మనిషికి అది చెంపదెబ్బ లాంటిది.

ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి వసారాలో యోబు టేపు తీశాడు.

"ఏటి బావా, పెట్టికి కొలతలా? ఇంకా బతికే ఉన్నాను," అంది జ్ఞానసుందరి.

"కూకో ముందు. మోకాలి కాణ్ణించి మడమ దాకా కావాల, తర్వాత మోచెయ్యెత్తు."

"నా కొలతలు కంపూటర్లోకెక్కుతాయా? అయితే ఓ రెండంగుళాలు ఎక్కువేసి రాయి."

సోమవారం ఆమె పేరుతో ఒక వరుస పుట్టింది. శుక్రవారానికి మెషీను తయారైంది, శనివారం ఫ్యాక్టరీకి చేరింది. యోబు కూడా వెంట వెళ్లాడు. జ్ఞానసుందరి పాదం మొత్తం పెడల్ మీద ఆనింది. పెంకు విడిపోయి, లోపల విరగని గుండు పప్పు కనిపించింది.

"ఓలబ్బో!" అందామె.

ఎదురుగా కూర్చున్న బొడ్డమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె పొడగరి. విడిన పెంకుల్లోంచి పిన్నుతో పప్పు తియ్యడం ఆమె పని. మధ్యాహ్నం నుంచి ఇద్దరూ పనులు మార్చుకుంటారు. ఇప్పుడు బల్ల కిందికి దిగిపోయి ఆమె మోకాళ్లు చెక్కకి కొట్టుకుంటున్నాయి, నడుము వంగిపోయింది.

"ఇది బల్లా, పీటా? నా కాళ్లు ఇంటికాడ పెట్టీసి రావాలేటి?" అంది బొడ్డమ్మ.

మెషీనుకి ఇద్దరు కూర్చుంటారని యోబుకి తెలియక కాదు. షీటులో వరుసకి ఒక్క పేరు రాశాక, బల్ల దగ్గర కూడా ఒక్క మనిషే కనిపించింది అతనికి.

కాసేపటికి జ్ఞానసుందరి పెడల్ మీంచి కాలు తీసేసింది. "బొడ్డమ్మ నడుం ఇరగ్గొట్టి నాను కూకోనమ్మా. నన్ను ఆ గదికే పంపీయండి," అంది అక్కడే నిలబడి చూస్తున్న విజయకుమారి గారితో.

"నోర్ముయ్యే! నాను మూలిగితే నువ్వు ఎల్లిపోతావా?" అని కసిరింది బొడ్డమ్మ.

"ఒక్క మూడు రోజులాగండమ్మా," అన్నాడు యోబు. అని, అక్కడే టేపు తీసి బొడ్డమ్మని కూడా కొలిచాడు.

మెషీనుని వర్క్‌షాపుకి వెనక్కి తెచ్చి, షీటు తెరిచి, జ్ఞానసుందరి పేరు పక్కన బొడ్డమ్మ పేరు చేర్చాడు. ఎవరి ప్రకారం బల్ల? పెద్ద మనిషిని వంచడం కుదరదు, చిన్న మనిషిని ఎత్తొచ్చు. బల్ల ఎత్తుని బొడ్డమ్మకి వదిలేశాడు. స్టూలు ఎత్తుకి రెండు గడులు, పెడల్ తగిలించే కన్నానికి రెండు గడులు కొత్తగా పెట్టాడు. బల్ల ఎత్తులోంచి కూర్చున్నప్పటి మోచేతి ఎత్తు తీసేస్తే స్టూలు, స్టూలు ఎత్తులోంచి కాలి పొడవు తీసేస్తే పెడల్. లెక్క గడిలో రాసి ఎంటర్ నొక్కాడు. తెర మీద బల్ల లేచింది, ఒక స్టూలు లేచింది, దాని వెంట పెడల్ కూడా లేచింది. యోబు తనలో తనే నవ్వుకున్నాడు.

గోవిందరావు వెనక నించుని చూస్తున్నాడు. "నా కొలత కూడా ఎయ్యి, సూద్దాం."

వేశాడు. గోవిందరావు బొడ్డమ్మ కంటే పొడగరి, స్టూలు బాగా కిందికి దిగిపోయింది.

"సాల్లే, తీసీ," అన్నాడు గోవిందరావు.

మంగళవారం మెషీను మళ్లీ ఫ్యాక్టరీకి వెళ్లింది. ఎత్తు స్టూలొకటి, మామూలుదొకటి. పెడల్‌కి పై కన్నం జ్ఞానసుందరిది, కింది కన్నం బొడ్డమ్మది. పొద్దున్నంతా జ్ఞానసుందరి కోసింది. మధ్యాహ్నం ఎవరి స్టూలు వాళ్లు చంకన పెట్టుకుని అటూ ఇటూ మారారు. బొడ్డమ్మ పెడల్‌ని పట్టి ఉంచే మేకు పీకి కింది కన్నంలో దిగ్గొట్టింది.

"మా ఇంట్లో కుర్చీ కూడా నాకింత కుదర్లేదు," అంది కూర్చుంటూ.

విజయకుమారి గారు బుట్టలోని పప్పుని వేళ్లతో కెలికి చూశారు. బద్దలు లేకపోలేదు, అందరి బుట్టల్లో ఉన్నన్నే ఉన్నాయి. "ఇక్కడే ఉండండి ఇద్దరూ," అని ముందుకెళ్లిపోయారు.

యోబు ఇంకా అక్కడే నిలబడి, పెడల్ కదలడం, కడ్డీ లేవడం చూస్తున్నాడు. తెర మీద ఎన్నోసార్లు చూసిందే. అయినా చూస్తున్నాడు.

"బావా," అంది జ్ఞానసుందరి తలెత్తకుండా, పిన్ను ఆపకుండా, "ఎలుతురికి అడ్డంగా ఉన్నావు, కాస్త జరుగు."