మామునూరు ఎండలో ఎర్ర అద్దం

మా మేనమామ వెంకటరాజం కాజీపేటలో డీజిల్ ఇంజన్ డ్రైవరు. డ్యూటీ లేని రోజుల్లో ఇంటి వెనక రేకుల షెడ్డులో విమానం కడుతున్నాడు. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఈ మాట చెబితే, బొమ్మ విమానమా అని అడిగారు. బొమ్మ కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని పోయే విమానం. ఇంజను ఒక ఫ్లయింగ్ క్లబ్బు వాళ్లు పక్కన పడేసినది. మిగతాదంతా మామ చేతి పనే. ప్రతి రేకునూ తనే కోసి, వంచి, రివెట్లు కొట్టాడు. రివెట్ల వరుసలు చూస్తే మిషను కుట్టు వేసినట్టు ఉంటాయి.

పాలకుర్తి దగ్గర మా ఊరి బడిలో పదో తరగతి అయ్యాక నేను ఇంటర్ చదవడానికి మామ ఇంటికి వచ్చాను. వచ్చిన కొత్తలో ఆ షెడ్డు గడప దాటడానికే నాకు జంకు. గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఒకరోజు మామ రివెట్ల డబ్బా నా చేతికి ఇచ్చి, "పట్టుకో బిడ్డా" అన్నాడు. అప్పటి నుంచి లోపలే ఉన్నాను.

1985 ఎండాకాలానికి విమానంలో అన్నీ అయిపోయాయి, ఒక్కటి తప్ప. డ్రైవరు ముందుండే పలక ఖాళీగా ఉంది. వేగం, ఇంజను చుట్లు, ఆయిల్ వేడి, పెట్రోలు, ఈ నాలుగూ చూపించేవి ఆ పలక మీదే ఉండాలి. ముళ్ల గడియారాలు పెట్టాలా, అంకెలు వెలిగే అద్దం పెట్టాలా అన్నది తేలలేదు. పలక మూరెడు కూడా ఉండదు. రెండూ పట్టవు.

ముళ్ల గడియారాలు మామవి. హైదరాబాద్ పాత సామాన్ల బజారులో ఏరి తెచ్చి, విప్పి, నూనె పెట్టి బాగు చేసుకున్నాడు. అద్దం సుల్తానా అక్కది.

సుల్తానా అక్క పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతుంది. ఆమె నాన్న ఫకీర్ మహమ్మద్ గారి దగ్గరే మామ బొగ్గు ఇంజన్ల కాలంలో పని నేర్చుకున్నాడు. అందుకని ఆమెకు మామ 'రాజం చాచా'. లూనా మీద వస్తుంది. దిగగానే చున్నీ నడుముకు బిగించి, సంచీలోంచి టంకం సామాను తీస్తుంది. వేలి కొసల మీద కాలిన మచ్చలుంటాయి. ఒకసారి నేను ఆ మచ్చల వైపు చూస్తుంటే, "మెహందీ గిట్ల గూడ వెడ్తరు" అని నవ్వింది. ఆమెతో మాట్లాడాలని నాకు ఎంతో ఉండేది. ఆమె వచ్చాక మాత్రం నా నోట ఒక్క మాట వచ్చేది కాదు.

ఆమె చేసిన పెట్టెకు ముందువైపు ఎర్ర అద్దం ఉంది. అద్దం వెనక నాలుగు వరుసల్లో అంకెలు వెలుగుతాయి. రెక్క కింద చిన్న పంకా బిగించింది. అది ఎన్ని చుట్లు తిరిగిందో పెట్టె లెక్కబెట్టుకుని వేగం ఎంతో చెబుతుంది. ముల్లు 'సుమారు ముప్ఫై' అంటే, అద్దం 'ముప్ఫై రెండు' అంటుంది.

రంజాన్ నెలంతా ఆమె ఆ పెట్టె పనే చేసింది. పగలు రోజా ఉపవాసం, పాఠాలు. మామకు పగటి డ్యూటీలు. ఇఫ్తార్ అయ్యాక ఆమె తమ్ముడు వలీ తోడుగా వచ్చేవాడు. చీకటి షెడ్డులో అంకెలు వెలిగినప్పుడు ఆ ఎర్రటి వెలుతురు ఆమె ముఖం మీద పడేది. నాకు మాత్రం ఇక ఆలోచించేది ఏమీ లేదనిపించింది. ఆ అద్దం ముందు మామ గడియారాలు మా ఊరి సంతలో తక్కెళ్లలా ఉన్నాయి.

"చిన్నప్పుడు మా అబ్బా వలీని ఇంజన్ ఎక్కిచ్చుకపోయేటోడు," అని ఒకరోజు వైరు అతికిస్తూ నాతో అంది. "నన్ను ప్లాట్‌ఫారం మీద నిలవెట్టేటోడు. ఆడపిల్లకు ఇంజన్ల ఏం పని అని. నేను ఎక్కకపోతె మానె. నేను చేసింది డ్రైవరు కండ్ల ముంగట ఉండాలె. గంతే."

ఆ మాట విన్నాక అద్దమే విమానం ఎక్కాలని ఆమె కన్నా నేనే ఎక్కువ కోరుకున్నాను.

మామ ఇద్దరికీ ఒకే న్యాయం చెప్పాడు. విమానం పైకి పోవడానికి అనుమతి ఇంకా రాలేదు. మామునూరు పాత ఎయిర్‌పోర్టులో నేల మీద పరుగెత్తించుకోవచ్చన్నారు. పలకలు రెండు చేశాడు. ఒకదానికి గుండ్రటి బెజ్జాలు నాలుగు, ఒకదానికి అద్దానికి సరిపడా కిటికీ. "పండుగ అయినంక ఐతారం రోజు ఒకటి బిగిచ్చి ఉరికిద్దం, అది ఇప్పి ఇంకోటి బిగిచ్చి ఉరికిద్దం. ఏది సక్కగ పలుకుతదో అదే ఉంటది."

పలకడం అంటే మామ ఊరికే అన్న మాట కాదు. రైలింజనులో అసిస్టెంటు సిగ్నలు చూసి గట్టిగా చెబుతాడు. డ్రైవరు తనూ చూసి అదే మాట తిరిగి పలుకుతాడు. ఇద్దరి నోటా వస్తేనే సిగ్నలు చూసినట్టు. మామకు ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. "అన్నం ఉడికింది" అని సరోజన అత్తమ్మ అంటే, "అన్నం ఉడికింది" అని పలికి గాని పీట మీద కూర్చోడు.

"పెండ్లయిన నాటి సంది నా మాట నాకే తిరిగొస్తాంది," అంటుంది అత్తమ్మ. "బాయిల మొఖం వెట్టి మాట్లాడినట్టే ఉన్నది."

విమానంలోనూ పక్క సీటులో కూర్చున్నవాళ్లు అంకెలు చదివి చెప్పాలి, మామ తిరిగి పలకాలి. ఆ సీటు నాకు వచ్చింది. ఇంట్లో బరువు తక్కువదాన్ని నేనే.

"ఆ పిల్ల నోరు ఇప్పంగ నేనైతె ఇనలే," అన్నాడు వలీ. "ఇంజన్ల మోతల ఏం ఇనవడ్తది చాచా?"

"నీ నోరు బందువెడితె ఇనవడ్తది," అంది సుల్తానా అక్క.

ఆ ఆదివారం వలీ ట్రాక్టరు వెనక ట్రాలీ కట్టి విమానాన్ని మామునూరు చేర్చాడు. రెక్కలు విడిగా తెచ్చి అక్కడ బిగించారు. అత్తమ్మ గుడారం నీడలో కుండ పెట్టుకుని కూర్చుంది. వానలు ఇంకా పడలేదు. రన్‌వే మీద ఎండ కళ్లలో పొడుస్తోంది.

మొదట ముళ్ల పలక. ఇంజను మోగేసరికి నా గుండె కూడా దానితో మోగింది. విమానం కదిలింది.

"వేగం ఇరవై," అన్నాను.

"ఇనవడ్తలేదు," అన్నాడు మామ.

"వేగం ఇరవై."

"శకుంతలా, పక్కింటోళ్లకు ఇనవడాలె."

"వేగం ఇరవై ఐదు." అది నా గొంతేనా అనిపించింది. బడిలో ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు.

"వేగం ఇరవై ఐదు," అని మామ పలికాడు. నా మాట అంత పెద్దగా నాకు తిరిగి రావడం భలేగా ఉంది. ముప్ఫై చెప్పాను, ముప్ఫై ఐదు చెప్పాను. వేగం ముల్లు చూస్తుండగానే కంటి కొసన ఇంకేదో జరిగినట్టయింది. "ఆయిల్ వేడి పెరుగుతాంది" అన్నాను, దాన్ని నేరుగా చూడకముందే. చూస్తే నిజమే. మామ పలికి ఇంజను తగ్గించాడు.

మా నాయిన మగ్గం మీద కూర్చుంటే అటూ ఇటూ పరుగెత్తే నాడె వైపే చూస్తాడు. అయినా ఎక్కడో ఒక పోగు తెగితే చెయ్యి దానికదే ఆగుతుంది. ఎట్లా తెలుస్తుంది అంటే, "ఏమో బిడ్డా, అక్కడ తేడాగ ఉంటది" అంటాడు. అది నాకు ఆ సీటులో కూర్చున్నాకే అర్థమైంది.

తర్వాత అద్దం పలక. గుడారం పక్క నీడలో బిగిస్తుంటే అంకెలు దానిమ్మ గింజల్లా వెలిగాయి. సుల్తానా అక్క తన చున్నీ కొసతో అద్దాన్ని ఒకసారి తుడిచింది. నేను ఆమె ముఖం చూశాను, ఆమె నన్ను చూసి తల ఊపింది. ఈసారి ఇంకా గట్టిగా చెప్పాలనుకున్నాను.

విమానం ఎండలోకి తిరిగింది. పరుగు అందుకుంది. నేను అద్దం వైపు చూశాను. అందులో ఆకాశం ఉంది, నా ముఖం ఉంది, మామ భుజం ఉంది. అంకెలు లేవు.

"వేగం?" అన్నాడు మామ.

తల పక్కకు వంచి చూశాను. కళ్లు చిట్లించి చూశాను. ఒక మూల ఎర్రగా ఏదో ఉన్నట్టుంది, అది మూడో ఎనిమిదో తెలియలేదు.

"వేగం, శకుంతలా?"

ఇందాకటి పరుగులో నేల కదిలిన తీరు నాకు గుర్తుంది. ముప్ఫై దాటి ఉంటుంది. ముప్ఫై రెండు అంటే చాలు, మామ పలికేస్తాడు. రన్‌వే అంచున సుల్తానా అక్క చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. మేం ఆమెను దాటుతున్నాం. నా నోట్లో ముప్ఫై రెండు ఉంది. కానీ నేను అన్నది మామ తిరిగి అంటాడు, అప్పుడు ఇద్దరం చూసినట్టే లెక్క.

"కనవడ్తలేదు," అని అరిచాను.

మామ ఒక్క క్షణం అద్దం వైపు చూశాడు. "కనవడ్తలేదు," అని నా కన్నా గట్టిగా పలికి, ఇంజను ఆపేశాడు.

నేను కిందికి దిగాను. సుల్తానా అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. నా సీటులో ఎక్కి కూర్చుని అద్దం వైపు చూసింది. అరచెయ్యి అడ్డం పెట్టింది, ఆ నీడలో అంకెలు కనబడ్డాయి. చెయ్యి తీసింది, పోయాయి. మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది.

"రోజాలల్ల చేసిన గద చాచా. నాతోని ఇది గూడ రోజా ఉన్నది. పొద్దు గూకితెనే నోరు తెరుస్తది."

నిజమే. నెల రోజులు ఆ పెట్టెను చూసినవాళ్లం అందరం చీకటి పడ్డాకే చూశాం. ఎండలో ఒక్కరమూ చూడలేదు.

"దానికేంది బేటీ, పైన టోపీ లెక్క ఒక రేకు వంచి పెడ్త," అన్నాడు మామ. ఆయన గొంతులో బతిమాలుతున్నట్టుంది. "నీడ వస్తది."

"టోపీ పెడితె నువ్వు వంగి సూడాలె. నువ్వు వంగినప్పుడు ముంగట ఏమొస్తాందో ఎవరు సూడాలె? వద్దు చాచా. ముండ్లే పెట్టున్రి."

స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని తన పెట్టెను తానే విప్పింది. స్క్రూలు ఒక్కొక్కటే తీసి నా అరచేతిలో పెట్టింది. చివరిది పెట్టాక నా వేళ్లు మూసి, "కనవడ్తలేదని మంచిగ జెప్పినవ్," అంది. "ఇంగో మాట జెప్పు. ఆయిల్ వేడి పెరిగింది ముందే ఎట్ల తెలిసె నీకు?"

నేను మాట్లాడాను. మా నాయిన గురించి, మగ్గం గురించి, తెగిన పోగు గురించి చెప్పాను. ఆమె ముళ్ల పలక తెప్పించి ఒడిలో పెట్టుకుంది. గడియారాలను బెజ్జాల్లోనే ఒక్కొక్కటిగా తిప్పింది. అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు నాలుగు ముళ్లూ నిట్టనిలువుగా ఉండేట్టు తిప్పింది. అంకెలు కొన్ని పక్కకు పడుకున్నాయి, కొన్ని తలకిందులయ్యాయి.

"ఇగ అంకె సదివే పని గూడ లేదు," అంది. "నిలవడ్డయి మంచిగున్నట్టు. ఒరిగింది ఏదో అది బీమారున్నట్టు."

మామ ఆ పలకను దూరంగా పెట్టి చూశాడు, పక్కకు తిరిగి కంటి కొసతో చూశాడు. "ఇరవై ఏండ్ల సంది గడియారాలు సూస్తాన. వాటిని తిప్పొచ్చని నాకు తోచలే," అన్నాడు.

"గోడ మీద గిట్ల పెడితె సుట్టాలు నవ్వుతరు," అంది అత్తమ్మ, మజ్జిగ పోస్తూ.

అప్పుడే వలీ టైము ఎంతయిందో చూసుకున్నాడు. అతని చేతికి కొత్తరకం అంకెల గడియారం ఉంది. సుల్తానా అక్క అతని మణికట్టు పట్టుకుని ఎండలోకి లాగింది.

"అరె ఆపా, చెయ్యి ఊడుతది."

"ఊడితె అతికిస్త. ఆగు." నేనూ వంగి చూశాను. బూడిద రంగు అద్దంలో నల్లటి అంకెలు. ఎండ సూటిగా వాటి మీదే పడుతోంది, ఎండ ఎంత పడితే అవి అంత నల్లగా ఉన్నాయి. ఆమె చాలా సేపు ఆ చెయ్యి వదల్లేదు.

"ఇది వెలుగుతలేదు," అంది మెల్లగా. "ఎండనే వాడుకుంటాంది. గిట్లాంటిది కావాలె." తర్వాత మామ వైపు తిరిగింది. "చాచా, గడియారాల కింద సన్నటి సందు ఉన్నది సూడు. దాన్ని నా కోసం ఇడిసిపెట్టు. ఎప్పుడొస్తనో తెల్వదు. నేర్సుకోవాలె."

మరుసటి వారం మామ ముళ్ల పలకను విమానానికి పక్కాగా బిగించాడు. గడియారాల కింద సన్నటి కిటికీ కోసి, పైన చిన్న రేకు మూత పెట్టాడు. మామ ఏది మూసినా రివెట్లు కొట్టి మూస్తాడు. మళ్లీ తెరిచే పని ఉండకూడదంటాడు. ఈ మూతకు మాత్రం రెండు స్క్రూలు పెట్టాడు, చేత్తో తిప్పినా వచ్చేంత వదులుగా.

తర్వాతి ఆదివారం మళ్లీ మామునూరు పోయాం. సుల్తానా అక్క కూడా వచ్చింది. వలీ చేతి గడియారం అప్పటికే ఆమె సంచీలో ముక్కలు ముక్కలుగా ఉంది. దాని మీద దారంతా అక్కాతమ్ముళ్లకు కొట్లాట. ఇంజను వేడెక్కాక పరుగు మొదలయ్యే ముందు నేను వరసగా చెప్పాను.

"ఇంజన్ నిలవడ్డది."

"ఇంజన్ నిలవడ్డది."

"ఆయిల్ నిలవడ్డది. పెట్రోల్ నిలవడ్డది."

మామ పలికాడు. వేగం ముల్లు ఇంకా పడుకునే ఉంది, అది పరుగెత్తాక లేస్తుంది. మామ చెయ్యి ఇంజను పిడి మీద ఉంది. ఆయన బయలుదేరలేదు. కళ్లతో కింది రేకు మూతను చూపించాడు.

"అది?"

రన్‌వే అంచున సుల్తానా అక్క నిలబడి ఉంది. ఆమెకు కూడా వినబడాలని గొంతంతా పెట్టి చెప్పాను.

"జాగ ఉన్నది."

"జాగ ఉన్నది," అని పలికి మామ ఇంజను పెంచాడు.