నాలుగో రీలులో సముద్రం

నేను ఒక జపాను సినిమాలో నాలుగో రీలును. రేకు డబ్బాలో చుట్టగా ఉంటాను. నాలో ఒక మృగం సముద్రంలోంచి లేస్తుంది. దాని వెనకే నీళ్లు లేచి ఒక పల్లెను ముంచుతాయి.

నన్ను తీసినవాళ్లు యుద్ధంలో ఊళ్లు కాలడం చూశారు. అది చూసిన పెద్దవాళ్ల కోసమే తీశారు. మొదటి ఆట అయ్యాక జనం మాట్లాడకుండా ఇళ్లకు వెళ్లారు. తర్వాతి సినిమాల్లో అదే మృగానికి పిల్లలతో స్నేహం కలిపారు, గంతులు వేయించారు. అవి బాగా ఆడాయి. బెజవాడ పంపిణీదారు పాతవీ కొత్తవీ కలిపి కొన్నాడు. డబ్బాలన్నిటికీ ఒకటే చీటీ అంటించాడు: బాలల చిత్రం. రబ్బరు తొడుగు వేసుకున్న మనిషి కనిపిస్తే అది పిల్లల సినిమా అని మనుషుల నమ్మకం.

అలా కృష్ణ సముద్రంలో కలిసే చోట ఒక ఊరి హాలుకు చేరాను. ఉప్పెన వచ్చిపోయి రెండేళ్లు. బడిపిల్లలకు ఉదయం ఆట వేశారు. పిల్లలు మధ్యలో జారుకోకుండా తలుపులకు బయట గడియ పెట్టడం ఆ హాలు అలవాటు.

మృగం తల కనిపించగానే నవ్వారు.

"ఒరేయ్, మన హెడ్మాస్టారు లేచార్రా!" అని నేల మీంచి ఒకడు అరిచాడు. ఈలలు వేశారు. తర్వాత నీళ్లు లేచాయి. ఈలలు ఆగాయి.

నాంచారు అనే తొమ్మిదేళ్ల పిల్ల లేచి నిలబడింది. ఉప్పెనలో ఆమె తల్లి పోయింది. తమ్ముడు మిగిలాడు.

"నీళ్లొచ్చేస్తన్నయ్! పైకెక్కండే!"

పిల్లలు తలుపు మీద పడ్డారు. తలుపు తెరుచుకోలేదు. కింద పడ్డవాళ్ల మీద వెనకవాళ్లు పడ్డారు. ఆపరేటర్ మస్తాన్ మిషను ఆపి కిటికీలోంచి కేకేశాడు. "గడియ తియ్యండ్రా! పిల్లలు చచ్చిపోతారు!"

గేటు మనిషి తీశాడు. ఒకడికి చెయ్యి విరిగింది. ప్రాణాలు పోలేదు. టీచరు బయట తలలు లెక్కపెట్టింది. నాంచారూ తమ్ముడూ లేరు.

వాళ్లు నా దగ్గర ఉన్నారు. తమ్ముణ్ణి వీపున వేసుకుని నాంచారు లోపలి మెట్లెక్కి ఆపరేటర్ గదిలోకి వచ్చింది. హాలులో అంతకన్నా ఎత్తయిన చోటు లేదు.

మస్తాన్ నన్ను కొంత విప్పి వెలుతురుకు పట్టాడు. "చూడమ్మా, ఉత్త రబ్బరు బొమ్మ. లోపల మనిషున్నాడు."

"బొమ్మకెవరు భయపడ్డారు బాబాయ్? మరి ఆ నీళ్లో?"

ఆ నీళ్లు స్టూడియో తొట్టిలోవి. మస్తాన్‌కు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు, నోరు లేదు. నన్ను ఎలాంటివాళ్ల కోసం తీశారో, అలాంటి మనిషి ఆ పూట నా ఎదురుగా నిలబడి ఉంది.

కింద నుంచి టీచరు పిలుస్తోంది. నాంచారు తమ్ముణ్ణి దించలేదు.

"ముందు నువ్వెళ్లి నేల తడిగా ఉందేమో చూసిరా బాబాయ్," అంది.

మస్తాన్ చెప్పులు విడిచి, వట్టికాళ్లతో మెట్లు దిగాడు.