వీరయ్య తవ్విన వంకర కందకం

వీరయ్యకు అరవై ఏడేళ్లు. అందులో ముప్పై ఒకటి టెలిఫోన్ తీగల కోసం సికింద్రాబాద్ నేలను తవ్వుతూ గడిచిపోయాయి. రాంగోపాల్‌పేట్ నుంచి బేగంపేట దాకా అతని గడ్డపార దిగని వీధి తక్కువ. చదువు లేదు, సర్టిఫికెట్ లేదు. ఉన్నదల్లా ఒకటే పేరు: వీరయ్య తవ్వితే గీత గీసినట్టుంటుంది. ఈ చివరా ఆ చివరా మేకులు పాతి, సుతిలి తాడు బిగించి, ఒక కన్ను మూసి చూసేవాడు. బెత్తెడు వంకర పోయిందా, ఆ పూట అన్నం సయించేది కాదు. ఇంతటివాడి చేతికి కూతురు కల్పలత ఒక కాగితం ఇచ్చి వెళ్లడంతో వచ్చింది తంటా అంతా.

కల్పలత తిరుమలగిరిలో ఓ ప్రైవేటు బడిలో సోషల్ టీచర్. చేరి ఏడాది కూడా కాలేదు. బడి ఎగ్జిబిషన్‌కు మొదటి ప్రపంచ యుద్ధపు కందకాన్ని మైదానంలో నిజంగానే తవ్వించి, పిల్లల్ని అందులోకి దింపాలని ఆమె పట్టు. "థర్మకోల్‌తో చేస్తే చాలదా అమ్మా?" అన్న ప్రిన్సిపల్‌తో వారం రోజులు వాదించి గెలిచింది. చూడడానికి ఒక రిటైర్డ్ కల్నల్ గారు వస్తున్నారు. కందకం తప్పుగా ఉంటే ముందు నవ్వేది ఆయన, తరువాత ప్రిన్సిపల్, ఆ పైన బడంతా. అందుకే బొమ్మ గీసి తండ్రికి ఇచ్చి, బేగంపేటలో నాలుగు రోజుల ట్రైనింగ్‌కు ధీమాగా వెళ్లింది.

శుక్రవారం మధ్యాహ్నం తిరిగొచ్చి చూసింది. మొరం నేలలో నలభై అడుగుల పొడవు, నడుం దాటిన లోతు. పైన తల మునిగేంత ఎత్తున ఇసుక బస్తాల వరస. ఇద్దరు పాత జతగాళ్లతో కలిసి వీరయ్య చెమటోడ్చి తీసిన కందకం గీత గీసినట్టుంది.

"నాయినా, ఇదేంది?"

"కందకం బిడ్డా. జెర ఒక కన్ను మూసి చూడు."

"సక్కగ ఉంది!"

"మరి?" వీరయ్య మీసం దువ్వాడు.

"సక్కగ ఉండొద్దు నాయినా! వంకర టింకరగ గీసిచ్చిన గదా!"

"బస్సుల కూసొని గీసినవనుకున్న," అన్నాడు వీరయ్య. "డ్రైవర్ బ్రేకులు కొట్టిండేమో, పాపం చెయ్యి ఒణికింది పిల్లకు అనుకున్న."

కల్పలతకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కళ్లు మాత్రం ఏడుపునే ఎంచుకున్నాయి. రేపు పదింటికి కల్నల్ గారు వచ్చేస్తారు. మలుపులు పెట్టమని బతిమాలింది.

వీరయ్య తలూపలేదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం మరి. "కావాలంటే పూడుస్త. వంకర మాత్రం తవ్వ. రేపు నలుగురు చూస్తరు. ముసలితనంల వీరయ్య చూపు పోయిందంటరు. నాకున్నది గా ఒక్క పేరే బిడ్డా."

అతను అన్నదీ నిజమే.

మైదానంలో దుమ్ము లేవకుండా పైపుతో నీళ్లు కొడుతున్న జ్ఞానశేఖర్ ఇదంతా వింటున్నాడు. ఆయన బడికి ఆటల మాస్టారు, అంతకుముందు సైన్యంలో సుబేదారు. మెల్లగా వచ్చి, "వీరయ్యగారూ, మీరంతా ఒక్కసారి లోపలికి దిగండి. దూరం దూరంగా నిలబడండి," అన్నాడు.

తండ్రీ కూతురూ, జతగాళ్లిద్దరూ దిగి నిలబడ్డారు. జ్ఞానశేఖర్ ఒక చివర దిగి, పైపు నోటిని బొటనవేలితో నొక్కి వదిలాడు. నీళ్లు ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకెళ్లాయి. ఒక్కరంటే ఒక్కరు పొడిగా మిగల్లేదు.

"ఏంది సార్ ఇది!" వీరయ్య మొహం తుడుచుకున్నాడు.

"నేను శత్రువునండి. నా చేతిలో మిషన్ గన్ ఉందనుకోండి. ఒక్కణ్ని వచ్చాను, నలుగురూ పోయారు. ఫిరంగి గుండు పడ్డా ఇంతే, ఆ దెబ్బ కందకం పొడుగూతా పాకుతుంది. మలుపుంటే మలుపు దగ్గరే ఆగిపోతుంది. అవతలివాడు బతుకుతాడు."

వీరయ్య తడిసిన చొక్కాతోనే గట్టు మీద కూర్చున్నాడు. "గివి ఎవరు తవ్వేటోళ్లు? కూలోళ్లా?" అని అడిగాడు.

"సిపాయిలే నాయినా," అంది కల్పలత. "తుపాకి పట్టింది తక్కువ, పార పట్టింది ఎక్కువ. వానొస్తే మోకాళ్ల లోతు నీళ్లల్ల రోజులకు రోజులు నిలవడేటోళ్లు. కాళ్లు కుళ్లిపోయేటియి. ఎలుకలు రొట్టెలు ఎత్తుకపోయేటియి. తల ఎత్తితే అవతలోడు కాల్చేటోడు, అందుకే గొట్టంల అద్దాలు పెట్టుకొని చూసేటోళ్లు. మన సికింద్రాబాద్ దండు నుంచి సుత ఫ్రాన్స్ దాకా పోయిన్రు."

వానాకాలం గుంటలో నిలబడ్డ పాదాల సంగతి వీరయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా ఉబ్బి ఊడిపోయేది. అయినా సాయంత్రానికి తను ఇంటికి వచ్చేవాడు.

"మరి వాళ్ల గీత ఎవరు చెక్ చేసేటోళ్లు?"

"గుండ్లు, నాయినా."

వీరయ్య లేచాడు. రెండు చివర్లా పాతిన మేకులు పీకి, సుతిలి తాడు చుట్టి జేబులో కుక్కుకున్నాడు. "సీదా కందకం మధ్యల రెండు తావుల మన్నుతోని, బస్తాలతోని అడ్డం కట్టాలె. ఆ అడ్డం సుట్టూ తిరిగి తవ్వాలె. లెవ్వుండ్రి, షురూ చేద్దాం," అన్నాడు జతగాళ్లతో.

పదో తరగతి వాళ్లు వరసగా నిలబడి మన్ను తట్టలు అందించారు. జ్ఞానశేఖర్ గోనె సంచులు కుట్టాడు. పొద్దు వాలేసరికి రెండు మలుపులూ తేలాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? మలుపుల మూలలు మూలమట్టం పెట్టి కోసినట్టున్నాయి, రెండూ ఒకే కొలత. వంకరను కూడా తిన్నగా తవ్విన మనిషి వీరయ్య ఒక్కడే అయి ఉంటాడు.

మర్నాడు కల్నల్ గారు కందకంలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వచ్చి, "ఎవరు తీశారమ్మా దీన్ని?" అని అడిగారు.

"మా నాయిన, సార్," అంది కల్పలత గట్టిగా, అందరికీ వినిపించేలా.

తరువాత పిల్లలు దిగారు. నలభై ఇద్దరు. వీరయ్య లోపలే ఒక చివర నిలబడి లెక్కపెడితే తొమ్మిది తలలే కనబడ్డాయి. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాడు. తొమ్మిదే. మిగతా ముప్పై ముగ్గురూ మలుపుల వెనక కిలకిలలాడుతున్నారు. వీరయ్య మీసం దువ్వాడు.

సాయంత్రం ప్రిన్సిపల్ వచ్చి మెచ్చుకుని, "ఇక పూడ్చేయండి, సోమవారం ఆటలున్నాయి," అన్నారు.

ముప్పై ఒక్క ఏళ్లలో వీరయ్య తవ్విన ప్రతిదీ ఆ పొద్దుకో మర్నాటికో పూడ్చేసిందే. పని ఎంత బాగా జరిగితే అంతగా కనబడకుండా పోవాలి, అదీ ఆ పని తీరు. ఎన్నడూ ఒక్క పూట గడువు అడిగిన మనిషి కాడు.

"ఒక్క దినం ఆగుండ్రి సార్. మా ఇంటామెకు సూపియ్యాలె."

ఆదివారం పొద్దున విజయమ్మ వచ్చింది. గట్టు మీద నిలబడి, బుగ్గన వేలు పెట్టుకుంది. "ఏందిది, పాము పోయినట్టు? సక్కగ తవ్విన, సక్కగ తవ్విన అని ఇన్నేండ్లు నా పానం తింటివి!"

"జెర దిగు, సెప్త."

చేయి పట్టి దింపి, తను ముందు నడిచి మలుపు తిరిగాడు. "విజయా, కనవడుతున్ననా?"

"లేవు."

"అట్లయితే బతికినట్టే."

ఆమె మలుపు తిరిగి రాలేదు. వీరయ్య వెనక్కి వచ్చి చూశాడు. విజయమ్మ ముందుకు నడవడం మరిచి, మన్ను గోడ మీద అరచెయ్యి ఆనించి, పై నుంచి కిందికి నిమురుతోంది.

"గింత నున్నగ తవ్వుతవా నువ్వు?" అంది.

వీరయ్య తనూ ఆ గోడ మీద చెయ్యి పెట్టాడు.

"అన్నీ గిట్లనే తవ్విన," అన్నాడు.